ఫిలిప్పీన్స్‌లో మందు రిజిస్ట్రేషన్: ఏజెంట్‌కి అడ్వాన్స్ ఇచ్చే ముందు

మీది జీడిమెట్లలో చిన్న టాబ్లెట్ల యూనిట్ అని, మనీలా నుంచి ఒక దిగుమతిదారు సరుకు అడుగుతున్నారని, ఏజెంటేమో మూడు నెలల్లో రిజిస్ట్రేషన్ చేయిస్తానంటున్నాడని రాశారు. అడ్వాన్స్ ఇప్పుడే ఇవ్వకండి. నేను హైదరాబాద్‌లో రెగ్యులేటరీ ఎఫైర్స్ పనే, అంటే మందుల అనుమతుల పనే చేస్తాను, ఎక్కువగా ఆసియాన్ (ఫిలిప్పీన్స్ లాంటి ఆగ్నేయాసియా) దేశాల డోసియర్లే, అంటే అనుమతి కోసం పంపే ఫైళ్లే. ముందు మీ క్యూసీ (నాణ్యత పరీక్షలు చేసే) వాళ్లని ఒక్క మాట అడగండి: ఆ మందు స్టెబిలిటీకి, అంటే ఎన్నాళ్లు చెడకుండా ఉంటుందో చూసే పరీక్షకి, ఏ కండిషన్‌లో పెట్టారు?

ఆసియాన్ దేశాలు జోన్ 4బి కింద లెక్క, అంటే వేడి, తేమ బాగా ఎక్కువుండే వాతావరణం. లాంగ్ టర్మ్ స్టడీ 30 డిగ్రీలు, 75 శాతం తేమలో జరగాలి. యాక్సిలరేటెడ్, అంటే ఇంకా ఎక్కువ వేడిలో చేసే పరీక్ష, 40 డిగ్రీలు, 75 శాతం. మీరు శాంపిల్స్ పెట్టే చాంబర్ 30/65లో (30 డిగ్రీలు, 65 శాతం తేమ) నడుస్తుంటే, పీవీసీ బ్లిస్టర్‌లో (ప్లాస్టిక్ టాబ్లెట్ షీట్‌లో) ఉన్న టాబ్లెట్‌కి ఆ డేటా చూపించి నెగ్గుకురాలేరు. తేమ పీవీసీలోంచి లోపలికి పోతుంది, అక్కడి అధికారుల భయమంతా దాని గురించే. అమ్మబోయే ప్యాక్‌లోనే బ్యాచ్‌లు మళ్లీ చాంబర్‌లో పెట్టి, కనీసం ఆరు నెలల డేటా వచ్చేదాకా ఆగాలి. ఆ ఆరు నెలల్ని ఏ ఏజెంటూ తగ్గించలేడు.

డోసియర్ ఏసీటీడీ (ఆసియాన్ దేశాల ఉమ్మడి ఫైల్ నమూనా) పద్ధతిలో నాలుగు భాగాలు. జెనరిక్‌కి బరువంతా రెండో భాగం మీదే, అంటే క్వాలిటీ. ఈమధ్య ఒక చిన్న కంపెనీ వాళ్లు పంపే ముందు చూసిపెట్టమని ఫైల్ ఇచ్చారు. ఫార్ములా పట్టికలో మైక్రోక్రిస్టలైన్ సెల్యులోజ్ (టాబ్లెట్‌లో కలిపే పూరక పదార్థం) పక్కన బీపీ, అంటే బ్రిటిష్ ప్రమాణం అని ఉంది, దాని స్పెసిఫికేషన్‌లో యూఎస్‌పీ, అంటే అమెరికన్ ప్రమాణం అని ఉంది. మీ ప్లాంట్ ఎప్పుడూ చూడని రివ్యూయర్‌కి ఆ కాగితాలు తప్ప వేరే ఆధారం లేదు. ఒకచోట తేడా కనబడితే మిగతాదంతా అనుమానంగానే చదువుతారు. సీఓపీపీలో (మన దేశపు అధికారులు ఆ మందుకి ఎగుమతి కోసం ఇచ్చే సర్టిఫికెట్‌లో) ఉన్న ఫార్ములాతో కూడా అక్షరం అక్షరం సరిచూసుకోండి.

కార్టన్ ఆర్ట్‌వర్క్ ఇక్కడిది అక్కడ నడవదు. వాళ్లకి 1988 నుంచి జెనరిక్స్ చట్టం ఉంది. జెనరిక్ పేరు బ్రాండ్ పేరుకి పైన, గీసిన పెట్టెలో, కొట్టొచ్చినట్టు కనబడాలి. ఈ నిబంధన నాకు చాలా నచ్చుతుంది. మింగేది ఏ మందో రోగికి ముందు తెలియాలి, కంపెనీ పెట్టుకున్న పేరు ఆ తర్వాత.

ఇంకో సంగతి, మీరు అడగలేదు కానీ ఇదే ముఖ్యం. రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్, వాళ్లు సీపీఆర్ అంటారు, మీ పేరున రాదు. అక్కడ లైసెన్స్ టు ఆపరేట్ (మందుల వ్యాపారానికి అనుమతి) ఉన్న స్థానిక కంపెనీ పేరునే వస్తుంది. పొత్తు చెడితే అది వాళ్ల చేతిలోనే ఉండిపోతుంది. నాకు తెలిసిన ఒక యూనిట్ ఇలాగే ఇరుక్కుని ఇంకో దిగుమతిదారుతో మొత్తం మొదటి నుంచి మొదలుపెట్టింది. విడిపోతే సర్టిఫికెట్ బదిలీకి సహకరించాలని ఒప్పందంలో ముందే రాయించుకోండి, డోసియర్ చేతికిచ్చేలోపే.

ఏ మందో, ఎంత స్ట్రెంగ్తో, ఏ ప్యాకో కింద రాయండి. బయోఈక్వివలెన్స్ స్టడీ (మీ మందు ఒరిజినల్ మందులాగే ఒంట్లో పనిచేస్తుందని చూపించే పరీక్ష) అడిగే అవకాశం ఉందో లేదో చూసి చెప్తాను.