ఆర్డర్ మీద వేసిన బొమ్మకు ప్రింట్లు తీసి అమ్ముకోవచ్చా?

ప్రశ్న: నేను విజయవాడలో పెయింటింగులు వేస్తాను. ఒకాయన తమ ఊళ్లోని మండువా ఇంటిని ఆయిల్‌లో వేయించుకుని 40 వేలు ఇచ్చారు. కాగితాలేమీ రాసుకోలేదు. ఇప్పుడు దానికి ప్రింట్లు తీసి అమ్మాలనుకుంటున్నాను. గీసింది నేనే కదా, ఇబ్బందేమైనా ఉంటుందా?

జవాబు: ఉంటుందండీ. గీసినవారిదే కాపీరైట్ అన్నది మామూలు సూత్రం. కానీ కాపీరైట్ చట్టం, 1957లోని సెక్షన్ 17 (బి) దీనికి ఒక మినహాయింపు పెట్టింది. ఎవరైనా అడిగి, డబ్బిచ్చి పెయింటింగ్ వేయించుకుంటే, వేరే ఒప్పందం లేనప్పుడు కాపీరైట్‌కు మొదటి హక్కుదారు వేయించుకున్నవారే. చాలామంది ఆర్టిస్టులు ఇక్కడే దెబ్బతింటారు. స్కాన్ ఫైలు మీ కంప్యూటర్‌లో ఉన్నంత మాత్రాన ప్రింటు తీసే హక్కు రాదు. అదే బొమ్మ మీ అంతట మీరే వేసి ఎగ్జిబిషన్‌లో అమ్మి ఉంటే, కొన్నవారికి కాన్వాసు మాత్రమే దక్కేది, ప్రింట్ల హక్కు మీ దగ్గరే ఉండేది.

ఇప్పుడు మీకున్న దారి ఆయన్ని అడగడమే. ఫోన్‌లో ‘సరే, వేసుకోండి’ అంటే చాలదు, లైసెన్సు రాతలో ఉండాలి. సంతకం కూడా పెట్టించుకోండి. అందులో ఏ చిత్రం, ఏ సైజులో ఎన్ని ప్రింట్లు, ఎన్నేళ్లు, ఏయే దేశాల్లో, ఆయనకు ఎంత ఇస్తారు అన్నవి ఉండాలి. కాలం రాయకపోతే 5 ఏళ్లే, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే అని చట్టం లెక్కేస్తుంది. అమెరికాలోని మనవాళ్లకు అమ్మే ఆలోచన ఉంటే ఆ మాట తప్పక రాయించండి. హక్కు తీసుకుని ఏడాదిలోగా వాడకపోయినా, వేరేగా రాసుకోకపోతే, అది రద్దవుతుంది.

ఆయన ఒప్పుకోకపోతే? ఆ పనికోసం మీరు వేసుకున్న స్కెచ్‌లను మళ్లీ వాడుకోవచ్చు, అయితే ఆ చిత్రపు ప్రధాన రూపకల్పనను తిరిగి దించకూడదు. చిత్రకారిణిగా మీ పేరు చెప్పుకునే హక్కు సెక్షన్ 57 కింద మీకెప్పుడూ ఉంటుంది. ఆయనిచ్చిన ఫొటో చూసి వేశారా? ఆ ఫొటో ఎవరు తీశారో కూడా కనుక్కోండి, అది మరో తలనొప్పి.

ఇకమీదట అడ్వాన్సు తీసుకునేటప్పుడే, పని మొదలెట్టకముందే, ఈ రెండు వాక్యాలు పంపండి: ‘ఈ చిత్రం కాపీరైట్ చిత్రకారిణిదే. కొనుగోలుదారుకు మూలచిత్రం మాత్రమే చెందుతుంది.’ వాట్సాప్‌లో ‘ఓకే’ అని జవాబొచ్చినా సాక్ష్యంగా పనికొస్తుంది, సంతకం ఉంటే మరీ మంచిది. ప్రింట్లు అసలే వద్దు, బొమ్మ ఒక్కటే ఉండాలి అనే కస్టమరుకు ధర వేరుగా చెప్పండి.