సంఘం ఉత్తరాలు చూసుకోబోయే బుజ్జికి

చిరంజీవి బుజ్జికి,

పెద్దమ్మ ఆశీస్సులు.

మన తెలుగు సంఘం మెయిళ్ల పని నీకు అప్పగించారని మీ అమ్మ ఫోనులో చెప్పింది. చాలా సంతోషం వేసింది. మద్రాసులో పెరంబూరు నుంచి వేలచ్చేరి దాకా ఎక్కడెక్కడో ఉంటున్న మన కుటుంబాలకు సమయానికి కబురు అందాలంటే ఈ పని చక్కగా సాగాలి. ఇన్నేళ్లుగా చూసినదాన్ని కనుక, నువ్వు చెయ్యి పెట్టకముందే నాలుగు మాటలు రాస్తున్నాను.

అన్నిటికంటే ముందు వర్గాల సంగతి. నీ చేతికి వచ్చిన కాంటాక్టుల్లో ఇప్పుడున్న లేబుళ్లు చూడు: డాక్టర్లు, అన్నానగర్, నెల్లూరు వాళ్లు, పెద్దవాళ్లు. ఎవరెవరో ఎప్పుడెప్పుడో పెట్టుకున్నవి. రేపు ఉత్తరం పంపబోతే ఇందులో ఒక్కటీ అక్కరకు రాదు. నెల్లూరు వాళ్లందరికీ కలిపి మనం ఏనాడు ఏం రాశాం? అందుకని మనిషి ఎవరన్నది పక్కన పెట్టి, ఆ మనిషికి మనం ఏ ఉత్తరం రాస్తామో చూసి వర్గం కట్టు. పెళ్లికి మీ అమ్మమ్మ జాబితా రాసేటప్పుడు ఇలాగే రాసేది: శుభలేఖ పోస్టులో వేస్తే సరిపోయేవాళ్లు, ఇంటికెళ్లి బొట్టు పెట్టి పిలవాల్సినవాళ్లు, రెండు రోజుల ముందే వచ్చి పనిలో చెయ్యి వెయ్యాల్సినవాళ్లు. చూడగానే ఎవరి విషయంలో ఏం చెయ్యాలో తెలిసిపోయేది.

మన సంఘానికి నాకు తోచిన వర్గాలు ఇవి. ఉగాది ఆహ్వానం అందాల్సినవాళ్లు, చందా గుర్తు చెయ్యాల్సినవాళ్లు, ఆదివారం తెలుగు క్లాసు పిల్లల అమ్మానాన్నలు, పని పంచుకునే కార్యకర్తలు. ఒకే మనిషి రెండు మూడింటిలో ఉన్నా ఇబ్బంది లేదు. కానీ కొత్త వర్గం పెట్టాలనిపించినప్పుడల్లా, దీనికి నేను ఏ ఉత్తరం రాస్తాను అని అడిగి చూసుకో. జవాబు తట్టకపోతే ఆ వర్గం వద్దు.

ఆహ్వానాల వర్గాన్ని మాత్రం రెండు చెయ్యి. మద్రాసులో మన ఇళ్లలో తెలుగు గలగలా మాట్లాడి, అక్షరం చదవలేని వాళ్లు ఎంతమందో నీకు తెలుసు. తమిళనాడులో బడిలో తమిళం తప్పనిసరి చేస్తూ 2006లో చట్టం వచ్చాక ఒకటో తరగతిలో చేరిన పిల్లలు ఇప్పుడు ఉద్యోగాలు చేస్తున్నారు. వాళ్లలో చాలామందికి తెలుగు ఇంట్లో చెవిన పడిందే తప్ప పలక మీద దిద్దింది కాదు. వాళ్లకు తెలుగు లిపిలో ఆహ్వానం పంపితే తెరవకుండానే పక్కకు నెట్టేస్తారు. పిలుపు రాలేదనే అనుకుంటారు. కనుక ‘ఉగాది తెలుగు’, ‘ఉగాది ఇంగ్లిష్’ అని రెండు లేబుళ్లు పెట్టి, అదే విషయం రెండు ఉత్తరాలుగా రాయి. ఎవరు ఏది చదవగలరో తెలియకపోతే ఫోను చేసి అడుగు. ఎవరూ ఏమీ అనుకోరు, అడిగినందుకు సంతోషిస్తారు.

ఇక చేతిపని. కంప్యూటర్‌లో గూగుల్ కాంటాక్ట్స్ తెరిస్తే ఎడమ పక్క లేబుల్స్ అని ఉంటుంది. దాని పక్కన ప్లస్ గుర్తు నొక్కి పేరు పెట్టు. తర్వాత మనుషుల పేర్ల పక్కన టిక్కులు పెట్టి, పైనున్న లేబుల్ గుర్తు నొక్కి వాళ్లను అందులో చేర్చు. జీమెయిల్‌లో ఉత్తరాలకు పెట్టుకునే లేబుళ్లు వేరు, ఈ కాంటాక్టుల లేబుళ్లు వేరు. మెయిల్ పక్కన ఎంత వెతికినా ఇవి కనిపించవు. పంపేటప్పుడు కంపోజ్ తెరిచి, గడిలో లేబుల్ పేరు మొదటి అక్షరాలు కొడితే కింద అది వస్తుంది. దాన్ని ఎంచుకోగానే ఆ వర్గంలోని అడ్రసులన్నీ వరసగా వచ్చి పడతాయి.

ఇక్కడే ఒకటి గమనించు. అలా పడ్డ క్షణం నుంచి అవి ఉత్త అడ్రసులే, లేబుల్‌తో వాటికి సంబంధం ఉండదు. సోమవారం డ్రాఫ్టు చేసి గురువారం పంపితే, మధ్యలో లేబుల్‌లో చేర్చిన కొత్త కుటుంబానికి ఆ ఉత్తరం వెళ్లదు. కనుక ముందు ఉత్తరమంతా రాసుకో, అడ్రసుల గడి ఖాళీగా ఉంచు, పంపే నిమిషంలో నింపు. సగం రాసిన ఉత్తరం పొరపాటున వెళ్లిపోయే బెడదా ఉండదు.

ఆ అడ్రసులు పడాల్సింది బీసీసీ గడిలో. అందులో వేస్తే ఒకరి అడ్రసు మరొకరికి కనిపించదు. టు గడిలో మన సంఘం అడ్రసే వేసుకో. దీని గురించి నేను గట్టిగా చెబుతాను బుజ్జీ. మనల్ని నమ్మి అడ్రసు ఇచ్చినవాళ్లది మరొకరికి చూపించే హక్కు మనకు లేదు. మాకు తెలిసిన ఒక అపార్ట్‌మెంటులో నీటి ట్యాంకు శుభ్రం చేసే కబురు అందరి అడ్రసులూ కనిపించేలా పంపారు. ఒకాయన ‘రిప్లై ఆల్’ నొక్కి బిల్లు గురించి నిలదీశాడు, ఇంకొకామె జవాబు ఇచ్చింది, సాయంత్రానికి అందరి ఫోన్లూ మోగుతూనే ఉన్నాయి. ఆ జాబితా పట్టుకుని ఎవరో ప్లాట్లు అమ్మే మెయిళ్లు పంపడం మొదలుపెట్టారు. బీసీసీలో వేసి ఉంటే రెండూ జరిగేవి కావు.

సంఘం ఆఫీసు కంప్యూటర్‌లో మెయిళ్లకు పాత ఔట్‌లుక్ ప్రోగ్రామ్ ఉంది. అక్కడ కథ వేరు. అందులో కేటగిరీలంటే రంగుల గుర్తులు. టు గడిలో కేటగిరీ పేరు రాస్తే దానికి అర్థం కాదు. పీపుల్ లోకి వెళ్లి, వ్యూ మార్చి లిస్టు చేసి, కేటగిరీల వారీగా అమర్చు. కావలసిన రంగు కింద ఉన్నవాళ్లందరినీ ఎంచుకుని, పైన ఈమెయిల్ నొక్కితే కొత్త ఉత్తరం తెరుచుకుంటుంది. అడ్రసులు మాత్రం టు గడిలోనే పడతాయి. వాటిని కట్ చేసి బీసీసీలో పేస్టు చెయ్యి. ఆ గడి కనిపించకపోతే ఆప్షన్స్‌లో ఉంటుంది.

అందులోనే కాంటాక్ట్ గ్రూప్ అని ఒకటుంది. పేరు కొడితే చాలు, అందరికీ వెళ్తుంది కాబట్టి చాలామంది దాన్నే చేసుకుంటారు. నేను వద్దంటాను. అది ఆ రోజు తీసిన నకలు లాంటిది. రేపు నువ్వు ఎవరికైనా కేటగిరీ రంగు పెడితే వాళ్లు తమంతట తాము గ్రూపులో చేరరు, చేత్తో చేర్చాలి. ఆరు నెలలకు రెండు జాబితాలూ రెండు దారులు పడతాయి, ఏది సరైందో చెప్పేవాళ్లు ఉండరు. జాబితా ఒక్కటే ఉండాలి.

లెక్క కూడా తెలుసుకో. ఉచిత జీమెయిల్ ఖాతా నుంచి రోజుకు 500 మందికి మించి పంపలేం. ఒకే ఉత్తరం బీసీసీలో 200 మందికి వెళ్తే 200 అయినట్టే. దాటితే కొంతసేపు, ఒక్కోసారి రోజంతా, పంపనివ్వదు. అందుకే తెలుగు ఆహ్వానం ఒక రోజు, ఇంగ్లిష్‌ది మరో రోజు పంపు. జతచేసే ఫైళ్లు 25 ఎంబీ దాటకూడదు. కరపత్రం ఫొటోను చిన్నది చేసి పెడితే పాత ఫోన్లు వాడే పెద్దవాళ్లకు తొందరగా తెరుచుకుంటుంది.

అందరినీ వాట్సాప్‌లో వేసేయొచ్చుగా అని నిన్ను అడుగుతారు. బ్రాడ్‌కాస్ట్ పెడితే నీ నంబరు తమ ఫోనులో దాచుకున్నవాళ్లకే చేరుతుంది, ఒక జాబితాలో 256 మందే పడతారు. గ్రూపు పెడితే అందరి నంబర్లూ అందరికీ తెలుస్తాయి. ముందురోజు గుర్తు చెయ్యడానికి వాట్సాప్ వాడు, పిలుపు మాత్రం మెయిల్‌లోనే ఉండనీ.

చందా ఉత్తరం ఒక్కటి బీసీసీలో పంపకు. డబ్బు అడిగేటప్పుడు పేరు పెట్టి ‘రావు గారికి’ అని రాయాలి, ఎవరి బాకీ వారికే కనబడాలి. దానికి వర్డ్‌లో మెయిల్ మెర్జ్ ఉంది. ఔట్‌లుక్‌లో ఆ కేటగిరీ వాళ్లను ఎంచుకుని అక్కడి నుంచే మొదలుపెట్టొచ్చు. ఒక్కొక్కరికీ విడి ఉత్తరం వెళ్తుంది. ఫైలు జతచేయడం కుదరదు కనుక చెప్పేదంతా ఉత్తరంలోనే రాయి.

సబ్జెక్టులో తేదీ ముందు ఉండాలి. ‘ఆహ్వానం’ అని ఊరుకుంటే ఎవరూ తెరవరు. 2026లో ఉగాది మార్చి 19, గురువారం పడింది. అలాంటప్పుడు సభ ఆదివారానికి జరుపుతాం కదా, అప్పుడు ‘మార్చి 22 ఆదివారం ఉదయం, ఉగాది సభ, టి.నగర్’ అని రాస్తే తెరవకుండానే విషయం చేరిపోతుంది. పంపేముందు నీకు నువ్వే ఒకటి పంపుకుని ఫోనులో చదివి చూడు. సెట్టింగ్స్‌లో అన్‌డూ సెండ్ 30 సెకన్లకు పెట్టుకో, పంపాక తప్పు కనిపిస్తే ఆలోపు వెనక్కి తీసుకోవచ్చు.

వాయిదా కబురు గురించి విడిగా చెప్పాలి. 2023 డిసెంబరు మొదట్లో మిచౌంగ్ తుఫాను వచ్చి వేలచ్చేరి, పళ్లికరణై మునిగిన రోజులు నీకు గుర్తే. డిసెంబరులో ఏ సభ పెట్టుకున్నా మనకు ఆ భయం ఉంటుంది. వాయిదా వెయ్యాల్సి వస్తే లేబుల్ జోలికి పోకు. పంపిన ఉత్తరాలుండే ‘సెంట్’లో ఆహ్వానం తెరిచి, అది ఎవరెవరికి వెళ్లిందో సరిగ్గా ఆ అడ్రసులకే పంపు. ఈలోగా లేబుల్‌లోంచి ఎవరినైనా తీసేసి ఉంటే, పిలుపు అంది వాయిదా అందక, ముసలి ప్రాణాలు వానలో హాలు దాకా వచ్చి నిలబడతాయి.

పంపిన గంటలో కొన్ని తిరిగొస్తాయి, అడ్రసు దొరకలేదని. వాటిని చెరిపేయకు. అదే రోజు ఆ ఇంటికి ఫోను చేసి కొత్త అడ్రసు రాసుకో. ఒక్కోసారి ఆ మనిషే లేరని తెలుస్తుంది. అప్పుడు నాలుగు మాటలు మాట్లాడి, ఇక మీదట ఎవరికి పంపమంటారని మెల్లగా అడుగు. పోయినవాళ్ల పేరు మీద చందా గుర్తు చేస్తూ ఉత్తరం వెళ్లడం ఆ ఇంట్లోవాళ్లకు ఎంత బాధో ఆలోచించు. ఎక్కడైనా అలాంటి కబురు వినగానే అన్ని లేబుళ్లలోంచీ ఆ పేరు తియ్యి. మళ్లీ చూద్దామని వాయిదా వెయ్యకు.

ఈ వారం లేబుళ్లు సర్దు, ఇద్దరు కార్యకర్తలకు మాత్రం ఒక ఉత్తరం పంపి చూడు. అంతా సరిపోయాక కాంటాక్టులు ఎక్స్‌పోర్ట్ చేసి ఆ ఫైలు కోశాధికారి గారికి ఇవ్వు, ఏదైనా పోతే ఆయన దగ్గర ఉంటుంది. శనివారం సాయంత్రం ఇంట్లోనే ఉంటాను. ల్యాప్‌టాప్ తీసుకునిరా, నెల్లూరు వాళ్లు అన్న లేబుల్‌లో ఎవరెవరున్నారో ఇద్దరం కూర్చుని చూద్దాం.

మీ పెద్దమ్మ