మీరు అడిగారు: టెన్నెసీ స్టేట్ అమ్మాయిల పరుగు ఎక్కడ మొదలైంది?

1960 రోమ్ ఒలింపిక్స్‌లో మూడు స్వర్ణాలు గెలిచిన విల్మా రుడాల్ఫ్ గురించి ప్రచురించిన వ్యాసం చదివి చాలామంది ఉత్తరాలు రాశారు. ఆమె ఒక్కరి గురించి కాకుండా, ఆమెను తయారుచేసిన కాలేజీ జట్టు గురించి అడిగిన ప్రశ్నలను ఈసారి తీసుకున్నాం.

ప్రశ్న: టెన్నెసీ స్టేట్ యూనివర్సిటీ మహిళల జట్టు ‘టైగర్‌బెల్స్’ను ఎడ్ టెంపుల్ స్థాపించారని చాలాచోట్ల చదివాను. నిజమేనా?

కాదు. జట్టును నిలబెట్టింది ఆయనే కానీ మొదలుపెట్టింది ఆయన కాదు. నాష్‌విల్‌లోని ఆ కాలేజీని అప్పట్లో టెన్నెసీ ఎ అండ్ ఐ స్టేట్ కాలేజీ అనేవారు. 1943లో అక్కడి అమ్మాయిల ట్రాక్ జట్టుకు తొలి కోచ్‌గా వచ్చింది జెస్సీ అబాట్. ఆమె తర్వాత టామ్ హారిస్ చూసుకున్నారు. టెంపుల్ 1946లో విద్యార్థిగా ఆ కాలేజీలో చేరి, చదువు పూర్తయ్యాక 1950లో అమ్మాయిల జట్టు బాధ్యత తీసుకున్నారు. జీతం నెలకు 150 డాలర్లు. అందులోనే క్యాంపస్ పోస్టాఫీసు నడిపే పని కూడా ఉండేది.

జెస్సీ అబాట్ ఎవరి కూతురో తెలిస్తే అసలు మూలం దొరుకుతుంది. ఆమె తండ్రి క్లీవ్ అబాట్ అలబామాలోని టస్కీగీ ఇన్‌స్టిట్యూట్‌లో క్రీడల డైరెక్టర్. ఆయన 1927లో టస్కీగీ రిలేస్ అనే పోటీలు మొదలుపెట్టి, 1929లో వాటిలో అమ్మాయిల అంశాలు చేర్చారు. 1937లో ఎ.ఎ.యు. (అమెచ్యూర్ అథ్లెటిక్ యూనియన్) జాతీయ మహిళల టైటిల్ టస్కీగీకి వచ్చింది. ఆ తర్వాత పదేళ్లకు పైగా దాదాపు ఏటా ఆ కప్పు వాళ్లదే. హైస్కూల్ అమ్మాయిల్లో చురుకైనవాళ్లను వేసవిలో క్యాంపస్‌కు పిలిపించడం, శిక్షణ ఇచ్చి జాతీయ పోటీలకు తీసుకెళ్లడం, నచ్చితే చదువుకు సాయం చేసి అక్కడే ఉంచుకోవడం అబాట్ పద్ధతి. టెంపుల్ నాష్‌విల్‌లో చేసిందీ ఇదే. టెంపుల్ గొప్పతనాన్ని తగ్గించాలని ఈ మాట అనడం లేదు. టస్కీగీని వదిలేసి రాసిన టైగర్‌బెల్స్ చరిత్ర మాత్రం మధ్యలోంచి మొదలైనట్టే.

రెండు జట్ల బంధం కోచ్‌లలోనూ కనిపిస్తుంది. 1956 మెల్‌బోర్న్‌లో అమెరికా మహిళల జట్టుకు కోచ్ టస్కీగీలో చదువుకున్న నెల్ జాక్సన్. ఆ జట్టులో ఆరుగురు టెన్నెసీ వాళ్లు: మే ఫాగ్స్, మార్గరెట్ మాథ్యూస్, ఇసబెల్ డేనియల్స్, లుసిండా విలియమ్స్, విల్లీ వైట్, విల్మా రుడాల్ఫ్. వీరిలో వైట్‌కూ రుడాల్ఫ్‌కూ అప్పటికి 16 ఏళ్లే, ఇంకా హైస్కూల్ పిల్లలే. వైట్ లాంగ్‌జంప్‌లో రజతం తెచ్చింది. రుడాల్ఫ్ 200 మీటర్లలో హీట్స్‌లోనే (తొలి వడపోత పరుగుల్లోనే) ఆగిపోయినా రిలేలో కాంస్యం అందుకుంది.

ప్రశ్న: ఒలింపిక్ పతకం గెలిచిన తొలి అమెరికన్ నల్లజాతి మహిళ ఆలిస్ కోచ్‌మనా, ఆడ్రీ ప్యాటర్సనా? రెండు పేర్లూ కనిపిస్తున్నాయి.

పతకమైతే ప్యాటర్సన్, స్వర్ణమైతే కోచ్‌మన్. మధ్యలో తేడా ఒక్క రోజు. 1948 ఆగస్టు 6న లండన్‌లో మహిళల 200 మీటర్ల పరుగును ఒలింపిక్స్‌లో తొలిసారి పెట్టారు. అందులో టెన్నెసీ ఎ అండ్ ఐ విద్యార్థిని ప్యాటర్సన్‌కు కాంస్యం వచ్చింది. మరునాడు హైజంప్‌లో కోచ్‌మన్ 1.68 మీటర్లు దాటి స్వర్ణం గెలిచారు. కోచ్‌మన్ టస్కీగీలో తయారైన అమ్మాయి. 1939 నుంచి 1948 వరకు వరుసగా పదేళ్లు జాతీయ హైజంప్ టైటిల్ ఆమెదే. లండన్ నాటికి జార్జియాలోని ఆల్బనీ స్టేట్‌లో చదువుతున్నారు.

ఈ రెండు ఫలితాలకూ చెప్పుకోదగ్గ కొసరు ఉంది. హైజంప్‌లో బ్రిటన్‌కు చెందిన డొరొతీ టైలర్ కూడా సరిగ్గా 1.68 దాటారు. కోచ్‌మన్ ఆ ఎత్తును తొలి ప్రయత్నంలో దాటారు, టైలర్ రెండో ప్రయత్నంలో. అంతటితో తేలిపోయింది. ఇదే టైలర్ 1936 బెర్లిన్‌లోనూ విజేతతో సమానంగా ఎగిరారు. అప్పట్లో ప్రయత్నాల లెక్క చూడకుండా మళ్లీ ఎగిరించారు, అందులో ఆమె ఓడిపోయారు. తర్వాతి నిబంధన అప్పుడే ఉంటే బెర్లిన్ స్వర్ణం ఆమెదయ్యేది. ఇక 200 మీటర్ల ఫైనల్ ఫినిష్ ఫొటోను 1975లో మళ్లీ పరిశీలించినప్పుడు మూడో స్థానం ఆస్ట్రేలియా అమ్మాయి షర్లీ స్ట్రిక్‌లాండ్‌ది కావచ్చని తేలింది. అధికారిక ఫలితాన్ని మాత్రం మార్చలేదు. కాంస్యం ఇప్పటికీ ప్యాటర్సన్ పేరు మీదే ఉంది.

ప్రశ్న: ఆ అమ్మాయిలకు ‘స్కాలర్‌షిప్’ ఉండేదంటారు కదా, మరి క్యాంపస్‌లో పనులు చేశారని కూడా రాస్తారెందుకు? జట్టు రోజువారీ ఎలా నడిచేది?

ఇప్పుడు మనం స్పోర్ట్స్ స్కాలర్‌షిప్ అనేదీ అప్పటిదీ ఒకటి కాదు. టెన్నెసీలో దొరికింది పనికి బదులుగా ఇచ్చే సాయం. రోజుకు 2 గంటల చొప్పున క్యాంపస్‌లో ఏదో ఒక కార్యాలయంలో పని చేయాలి, దానికి బదులు ఫీజు, వసతి సర్దుతారు. టస్కీగీలోనూ అంతే. కోచ్‌మన్ అక్కడ మైదానాలు, వ్యాయామశాల శుభ్రం చేయడం, జట్టు దుస్తులకు కుట్లు వేయడం లాంటి పనులు చేశారు. క్లాసులు, పని, ప్రాక్టీసు మూడూ ఒకే రోజులో ఇమడాలి. ఇందులో ఏది తప్పినా జట్టులో చోటు పోతుంది.

వేసవి శిబిరమే ఈ జట్టుకు ఆయువుపట్టు. టెంపుల్ హైస్కూల్ బాస్కెట్‌బాల్ మ్యాచ్‌లకు రిఫరీగా వెళ్లేవారు. క్లార్క్స్‌విల్‌లో రుడాల్ఫ్ ఆయన కంట్లో పడింది అలాగే. జార్జియా నుంచి ఎడిత్ మెక్‌గ్వైర్, వయోమియా టైయస్ కూడా హైస్కూల్‌లో ఉండగానే వేసవికి నాష్‌విల్ చేరారు. కొత్తగా వచ్చిన పదిహేనేళ్ల పిల్ల అక్కడ ఒలింపిక్ పతకం ఉన్న అమ్మాయి పక్కన పరుగెత్తాలి. ఎంత వెనకబడుతుందో, ఎన్ని వారాల్లో ఆ దూరం తగ్గుతుందో కోచ్ కళ్ల ముందే తేలిపోతుంది. పరికరాలు, డబ్బు లేని చోట ఇంతకన్నా నమ్మకమైన పరీక్ష దొరకదు.

క్రమశిక్షణ మీద టెంపుల్ పట్టు గట్టిది. రుడాల్ఫ్ ఒకసారి 30 నిమిషాలు ఆలస్యంగా వస్తే 30 రౌండ్లు అదనంగా పరుగెత్తించారని, మరునాడు ఆమె అరగంట ముందే వచ్చి కూర్చుందని చెబుతారు. ట్రాక్ కూడా కాలిన బొగ్గు పొడి పరిచినదే. అలాంటి నేల వాన పడితే మెత్తబడి కాలు లాగేస్తుంది, ఎండితే లోపలి వరస గుంటలు పడుతుంది. అందుకే ఆ కాలపు సమయాలను నేటి సింథటిక్ ట్రాక్ సమయాలతో పక్కపక్కన పెట్టకూడదు.

ప్రయాణం సంగతి విడిగా చెప్పాలి. నాష్‌విల్ నుంచి టస్కీగీ 300 మైళ్లకు పైనే. దారి పొడవునా జాతి వివక్ష చట్టాలు. నల్లవాళ్లకు హోటల్లో భోజనం పెట్టరు, పెట్రోలు బంకులో మరుగుదొడ్డి వాడనివ్వరు. కాబట్టి తిండి ముందే సంచుల్లో కట్టుకుని కార్లలో బయలుదేరేవారు. కాలకృత్యాలకు రోడ్డు పక్క పొదలే దిక్కు. అలా గంటల తరబడి ముడుచుకుని కూర్చుని వచ్చి, దిగిన కాసేపటికే హీట్స్ పరుగెత్తాలి. ఫలితాల పట్టికలో ఇవేవీ కనపడవు.

ప్రశ్న: పెద్ద పెద్ద అమెరికన్ విశ్వవిద్యాలయాలుండగా ఒక చిన్న నల్లజాతి కాలేజీ నుంచే ఇంతమంది ఎందుకొచ్చారు?

మిగతావాళ్లు పోటీలు పెట్టనే లేదు కాబట్టి. అమెరికాలోని వాసర్ అనే మహిళా కాలేజీలో 1895లోనే అమ్మాయిల ఫీల్డ్ డే (ఆటల పోటీల రోజు) జరిగింది, అంటే ఆసక్తికి కొదవ లేదు. కానీ 1920ల నుంచి మహిళా వ్యాయామ విద్యలో పెద్దలుగా ఉన్నవారు గెలుపోటముల పోటీ అమ్మాయిలకు తగదని తీర్మానించారు. పోటీలకు బదులు ‘ప్లే డే’లు పెట్టారు. నాలుగైదు కాలేజీల అమ్మాయిలను కలిపి కొత్త జట్లుగా విడగొట్టేవారు, ఏ కాలేజీ గెలిచిందన్న మాటే రాకుండా. 1928 ఆమ్‌స్టర్‌డామ్‌లో 800 మీటర్ల తర్వాత అమ్మాయిలు కుప్పకూలారని పత్రికలు చిలవలు పలవలు చేసి రాయడంతో ఆ వాదానికి బలం వచ్చింది. ఆ పరుగు 1960 దాకా మళ్లీ ఒలింపిక్స్‌లో లేదు. నల్లజాతి కాలేజీల్లోనూ కొన్ని ప్లే డేల దారి పట్టాయి. టస్కీగీ, టెన్నెసీ పట్టలేదు.

1972లో టైటిల్ నైన్ చట్టం వచ్చాక లెక్క మారింది. ప్రభుత్వ నిధులు తీసుకునే విద్యాసంస్థలు ఆడవాళ్లకూ సమాన అవకాశం ఇవ్వాల్సి వచ్చింది. పెద్ద బడ్జెట్ ఉన్న విశ్వవిద్యాలయాలు పూర్తి స్కాలర్‌షిప్పులతో రంగంలోకి దిగాయి. అమెరికా కాలేజీ క్రీడల సంఘం ఎన్.సి.ఎ.ఎ. మహిళలకు అవుట్‌డోర్ ట్రాక్ చాంపియన్‌షిప్ పెట్టింది 1982లో. అప్పటికి టెన్నెసీ స్టేట్‌కు తొలి జాతీయ అవుట్‌డోర్ టైటిల్ వచ్చి 27 ఏళ్లు. ఒకప్పుడు నాష్‌విల్ తప్ప వేరే దారి లేని అమ్మాయికి ఇప్పుడు నాలుగు చోట్ల నుంచి పిలుపు రావడం మంచిదే. కానీ దారి వేసినవాళ్లే పోటీలో వెనకబడాల్సి వచ్చింది.

ప్రశ్న: వ్యాయామ ఉపాధ్యాయురాలిని. 1960 రిలేలో చివరి మార్పిడి దాదాపు చెడిపోయిందని చదివాను. ప్రపంచ రికార్డు జట్టుకు అలా ఎందుకవుతుంది? మా పిల్లలకు ఏం చెప్పాలి?

రోమ్‌లో నలుగురూ టెన్నెసీ వాళ్లే: మార్తా హడ్సన్, లుసిండా విలియమ్స్, బార్బరా జోన్స్, విల్మా రుడాల్ఫ్. సెమీఫైనల్లో 44.4 సెకన్లతో ప్రపంచ రికార్డు. ఫైనల్లో జోన్స్ నుంచి రుడాల్ఫ్‌కు బ్యాటన్ (రిలేలో చేతులు మారే కర్ర) సరిగా అందక వేగం పోయింది. అయినా 44.5తో జర్మనీ (44.8) కంటే ముందు ముగించారు.

అప్పటి నిబంధన ప్రకారం అందుకునే అమ్మాయి 20 మీటర్ల జోన్ (బ్యాటన్ చేతులు మారాల్సిన హద్దు) లోపలే నిలబడి పరుగు మొదలుపెట్టాలి. జోన్‌కు ముందు 10 మీటర్లు వేగం పుంజుకునే వీలు ఆ తర్వాత వచ్చింది, ఇప్పుడు జోనే 30 మీటర్లు. 20 మీటర్లలో రుడాల్ఫ్ లాంటి మనిషి పూర్తి వేగానికి చేరేలోపే గీత వచ్చేస్తుంది. ఫైనల్ ఉద్వేగంలో అందుకునేవాళ్లు అరక్షణం ముందు కదలడం, వచ్చేవాళ్లు చివరి పది మీటర్లలో అలసిపోవడం మామూలే. రెండూ కలిస్తే చెయ్యి అందదు.

మీ పిల్లలకు ముందు నేర్పాల్సింది చెక్ మార్క్, అంటే ఎప్పుడు కదలాలో చెప్పే గుర్తు. అందుకునే అమ్మాయి నిలబడే చోటు నుంచి వెనక్కి, ఒక పాదం మడమకు మరో పాదం కాలివేళ్లు ఆనిస్తూ 18 అడుగులు కొలిచి టేపు అంటించండి. వచ్చే అమ్మాయి పూర్తి వేగంతో ఆ గుర్తు దాటగానే ఈమె వెనక్కి చూడకుండా దూసుకెళ్లాలి. వచ్చే అమ్మాయి మీదకొచ్చి గుద్దుకుంటే గుర్తును ఒకటి రెండు అడుగులు దూరం జరపండి. అందుకోలేకపోతే దగ్గరకు జరపండి. ఎదురుగాలి ఉన్నా, వచ్చే అమ్మాయి అందుకునే అమ్మాయి కంటే నెమ్మదైనా గుర్తు దగ్గరకే రావాలి. నడుస్తూనో జాగింగ్ చేస్తూనో కుదిర్చిన గుర్తు పోటీ రోజు పనికిరాదు. పూర్తి వేగంతోనే కుదర్చాలి.

చేతుల వరస కుడి, ఎడమ, కుడి, ఎడమ. మొదటి అమ్మాయి కుడిచేత్తో వంపు లోపలి అంచున పరుగెత్తి, రెండో అమ్మాయి ఎడమచేతికి ఇస్తుంది. ఎక్కువగా చెడేది అందుకునే చెయ్యి ఊగడం వల్ల. ఇచ్చే అమ్మాయి కేక వినగానే చెయ్యి వెనక్కి చాపి కదలకుండా ఉంచాలి, బ్యాటన్‌ను వెతకకూడదు. గురి చూడాల్సింది ఇచ్చేవాళ్లు. పని ఎంత కుదిరిందో తెలియాలంటే నలుగురి 100 మీటర్ల సమయాలు కూడండి. రిలే సమయం ఆ మొత్తం కంటే 2 సెకన్లు తక్కువ వస్తే మార్పిడి బాగున్నట్టు. రెండూ సమానంగా ఉంటే పరుగు మీద కాదు, చేతుల మీద పని చేయాలి.

ప్రశ్న: రోమ్ 100 మీటర్లలో రుడాల్ఫ్ సమయం కొన్నిచోట్ల 11.0, కొన్నిచోట్ల 11.18. ఏది సరి? ప్రపంచ రికార్డు ఎందుకు కాలేదు?

రెండూ సరైనవే. 11.0 చేతి గడియారంతో తీసిన అధికారిక సమయం. 11.18 విద్యుత్ గడియారం చూపింది. చేతి గడియారం పట్టినవారు తుపాకీ పొగ చూసి నొక్కేసరికి కాస్త ఆలస్యమవుతుంది కాబట్టి సమయం తక్కువగా పడుతుంది. 100, 200 మీటర్లలో ఈ తేడాను మామూలుగా 0.24 సెకన్లుగా లెక్కిస్తారు. రికార్డు కాకపోవడానికి కారణం గాలి. వెనకనుంచి సెకనుకు 2 మీటర్లకు మించి వీచకూడదు. ఆ ఫైనల్లో దాదాపు 2.75 ఉంది. సెమీఫైనల్లో ఆమె 11.3తో ప్రపంచ రికార్డును సమం చేసింది, అది చెల్లింది.

పాత అమెరికన్ ఫలితాలు చూసేటప్పుడు దూరం గజాల్లో ఉందా మీటర్లలో ఉందా అన్నది కూడా గమనించండి. 100 గజాలంటే 91.44 మీటర్లే. 220 గజాలు 200 మీటర్ల కంటే 1.17 మీటర్లు ఎక్కువ. అందుకే 220 గజాల సమయంలోంచి 0.1 సెకను తీసేసి 200 మీటర్లతో పోల్చేవారు.