చెల్లె పుట్టినప్పటి నుంచి మొండికేస్తున్నాడు, కొట్టకుండా ఎలా?

ప్రశ్న: మాది జడ్చర్ల దగ్గర ఊరు. బాబుకు మూడేళ్ల ఎనిమిది నెలలు, పాపకు ఐదు నెలలు. కాన్పుకు తల్లిగారింటికి పోయినప్పుడు బాబును మా అత్తమ్మ దగ్గరే ఉంచాను. నాలుగు నెలల తర్వాత పాపతో తిరిగి వచ్చాను. అప్పటి నుంచి వాడు మునుపటి పిల్లాడు కాదు. కిరాణా కొట్టు ముందు పడి దొర్లుతాడు. పాపను గిల్లుతాడు, ఒకసారి కాలు కొరికాడు. నన్ను "నువ్వొద్దు, పో" అంటాడు. పక్క తడపడం ఎప్పుడో మానేశాడు, ఇప్పుడు మళ్లీ మొదలైంది. చేసిన పని చేయలేదని అబద్ధం చెప్తాడు. మాటలకేం తక్కువ లేదు, గలగలా మాట్లాడతాడు. నర్సరీలో వేస్తే కూర్చోడు, ఏబీసీడీలు రాయడు అని టీచర్ రోజూ చెప్తుంది. మా ఆయనకు పోలేపల్లిలో కంపెనీ పని, షిఫ్టులు. "నాలుగు తగిలిస్తేనే మాట వింటడు" అంటుంది మా అత్తమ్మ. కొడుతున్నాను. రాత్రి వాడు పడుకున్నాక ఏడుస్తున్నాను. వీడి మెదడులో ఏమైనా తేడా ఉందా? ఒక ఏడాది మా అమ్మ దగ్గర ఉంచితే బాగుపడతాడా?

జవాబు: అమ్మా, చివరి ప్రశ్నకే ముందు జవాబు చెప్తాను. బాబును పంపకండి. నాలుగు నెలలు మీకు దూరమైనందుకే ఇంత అల్లాడుతున్న పిల్లాడిని మళ్లీ ఏడాది దూరం పెడితే ఇది ముదురుతుంది. మీరు రాసిన దాంట్లో నాకు జబ్బు కనిపించలేదు. అమ్మను మళ్లీ తన దాన్ని చేసుకోవాలని తన్నుకులాడుతున్న పిల్లాడు కనిపించాడు.

ఆ నాలుగు నెలలను వాడి వైపు నుంచి చూడండి. ఒక పొద్దున అమ్మ బట్టలు సర్దుకుని వెళ్లిపోయింది. ఆ వయసుకు వారం, నెల అనే లెక్క ఉండదు. కనిపించకుండా పోయిన అమ్మ ఇక రాదేమో అని భయం. తీరా వచ్చేసరికి తను కూర్చునే ఒడిలో ఇంకొకరు ఉన్నారు. వచ్చిన చుట్టాలంతా పాపను చూసి, వీడితో "ఇగ నిన్నెవరు ఎత్తుకుంటర్రా, చెల్లె వచ్చింది" అని నవ్వి పోతారు. పెద్దవాళ్లకు అది సరదా మాట. మూడేళ్ల పిల్లాడు దాన్ని నమ్ముతాడు. మీ ఇంట్లో ఎవరైనా ఆ మాట అంటుంటే ఈ రోజే ఆపించండి.

మన పాలమూరుకు, అంటే మహబూబ్‌నగర్ వైపు, ఇది కొత్త సంగతేం కాదు. బొంబాయికో పుణెకో పనికి పోయిన తల్లి పండుగకు ఇల్లు చేరితే, నాయనమ్మ కొంగు వెనక దాక్కుని దగ్గరికే రాని పిల్లలున్నారు. రెండు రోజులకు వాళ్లే అమ్మను ఒక్క నిమిషం వదలకుండా సతాయిస్తారు. దూరమై తిరిగొచ్చిన మనిషి మీదే పిల్లలు ఎక్కువ మొండితనం చూపిస్తారు. "నువ్వొద్దు, పో" అన్నాక వాడు ఎటు చూస్తాడో గమనించండి. మీ మొహం వైపే చూస్తుంటాడు, నిజంగా పోతారేమో అని. అప్పుడు "పోతా, నీకు అమ్మ ఉండదు" అనకండి. "నువ్వు వద్దన్నా నేను ఇక్కడే ఉంటా" అని అక్కడే కూర్చోండి, చాలు.

ఇక కొట్టు ముందు దొర్లడం. కావాలనే కోరిక ఈ వయసుకే పూర్తి బలంతో ఉంటుంది. దాన్ని ఆపుకునే శక్తినిచ్చే మెదడు ముందు భాగం పూర్తిగా ఎదిగేసరికి ఇరవై ఏళ్లు దాటుతాయి. అందుకే రెండు, మూడేళ్ల వయసులో ఇది చాలామంది పిల్లల్లో ఉంటుంది, నాలుగు దాటి మాటలు పెరిగేకొద్దీ తగ్గుతుంది. పడి దొర్లుతున్నవాడికి నీతులు చెవికెక్కవు. చేయాల్సింది చాలావరకు ఇంటి గడప దాటకముందే చేయాలి. కడుపు నిండా తిన్నాకే తీసుకెళ్లండి. నిద్ర వేళ తీసుకెళ్లకండి. బయల్దేరేటప్పుడే చెప్పండి: "ఈ రోజు సబ్బు, ఉప్పు కొంటాం. చిప్స్ ప్యాకెట్ కొనం. సబ్బు నువ్వు పట్టుకుంటావు."

అయినా దొర్లాడనుకోండి. వాడి ఎత్తుకు కిందికి కూర్చుని, గొంతు పెంచకుండా, "ప్యాకెట్ కావాలని కోపమొచ్చింది. ఈ రోజు కొనం" అని ఒక్కసారి చెప్పి ఊరుకోండి. బండ్లు తిరిగే చోటైతే ఎత్తుకుని పక్కకు తీసుకురండి. చుట్టూ ఉన్నవాళ్లు "ఇప్పియ్యరాదమ్మా, పోరడు అంతగనం ఏడుస్తుంటే" అంటారు. కొట్టాయన జాలిపడి చాక్లెట్ చేతిలో పెడతాడు. ఆయనకు ముందే ఒక మాట చెప్పి ఉంచండి. పదిసార్లలో ఒక్కసారి ఇచ్చినా, ఎంతసేపు ఏడిస్తే దొరుకుతుందో వాడికి తెలిసిపోతుంది. ఏడుపు తగ్గాక దగ్గరికి తీసుకుని నీళ్లు తాగించండి. ఇంటికి పోయేదాకా జరిగిందంతా మళ్లీ తవ్వకండి. మొదటి కొన్ని రోజులు ఏడుపు ఇంకా పెరుగుతుంది. చాలామంది తల్లులు సరిగ్గా అక్కడే ఇక లాభం లేదని వదిలేస్తారు. ఆ రోజులు గట్టిగా నిలబడాలి.

దెబ్బల గురించి నా మాట సూటిగా చెప్తాను. దెబ్బ పడగానే ఏడుపు ఆగుతుంది కాబట్టి పని చేసినట్టు అనిపిస్తుంది. ఆగింది భయంతో. పెద్దవాళ్లు చిన్నవాళ్లను కొట్టొచ్చని వాడు నేర్చుకుంటాడు, వాడికన్నా చిన్నది ఇంట్లో పాప ఒక్కతే. చేయి లేవబోతోందని తెలియగానే పాపను అత్తమ్మకు ఇచ్చి వాకిట్లోకి వెళ్లి మొహం కడుక్కోండి. కొట్టేసిన రోజు "అమ్మకు కోపమొచ్చి కొట్టింది, అట్ల కొట్టొద్దు" అని వాడికి చెప్పండి. దానివల్ల మీరు చులకనైపోరు.

పాప విషయంలో మాత్రం రాజీ లేదు. ఇద్దరినీ ఒక గదిలో ఒంటరిగా ఒక్క నిమిషం కూడా వదలకండి. బాత్రూంకు వెళ్లినా ఒకరిని వెంట తీసుకెళ్లండి, లేదా అత్తమ్మకు అప్పజెప్పండి. వాడికి ప్రేమ ఉన్నా ఎంత గట్టిగా పట్టుకుంటే నొప్పో తెలిసే వయసు కాదు. గిల్లితే చేయి పట్టుకుని ఆపి, "గిల్లనివ్వను, పాపకు నొప్పి" అనండి. ముందు పాపను ఓదార్చి, తర్వాత వాడి దగ్గరికి రండి. రోజంతా "చెల్లె పండుకుంది, సప్పుడు చెయ్యకు", "చెల్లెకు పాలిస్తున్న, ఆగు" అంటుంటే వాడి ప్రతి కష్టానికీ చెల్లెనే కారణమవుతుంది. అప్పుడప్పుడు పాపతో కూడా "ఆగు, ఇప్పుడు అన్నకు అన్నం పెడుతున్న" అని వాడికి వినపడేలా అనండి. పాపకు అర్థం కాకపోయినా వాడికి అవుతుంది. రోజుకు పదిహేను నిమిషాలు వాడితో ఒంటరిగా ఉండండి, ఫోన్ లేకుండా. ఏం ఆడాలో వాడే చెప్పాలి. మట్టిలో గుంత తవ్వమన్నా తవ్వండి. అల్లరి చేసిన రోజు శిక్షగా దాన్ని ఎగ్గొట్టొద్దు, ఆ రోజే వాడికి అది ఎక్కువ అవసరం.

పక్క తడపడం ఐదేళ్లలోపు జబ్బు లెక్కలోకి రాదు. తమ్ముడో చెల్లెలో పుట్టాక మళ్లీ మొదలవడం మామూలే. తిట్టకుండా బట్టలు మార్చండి, పడుకునే ముందు ఒకసారి పోయించండి, వచ్చినవాళ్ల ముందు ఆ మాట ఎత్తకండి. మూత్రం పోసేటప్పుడు మంట అన్నా, అతిగా దాహమై మాటిమాటికి పోస్తున్నా పిల్లల డాక్టర్‌కు చూపించాలి. అబద్ధాల గురించి టెన్షన్ పడొద్దు. "పాలు ఎవరు పారబోశారు?" అని అడిగితే భయపడ్డ పిల్లాడు నేను కాదనే అంటాడు. "పాలు పడ్డాయి, గుడ్డ తే, ఇద్దరం తుడుద్దాం" అంటే అబద్ధమాడే అవసరమే ఉండదు.

స్కూల్ ఫిర్యాదును నేను ఒప్పుకోను. మూడున్నరేళ్ల వేళ్లకు పెన్సిల్ పట్టి అక్షరాలు రాసే బలం ఇంకా రాదు. 2020 జాతీయ విద్యా విధానం కూడా మూడేళ్ల నుంచి ఆటపాటల చదువే ఉండాలంది, ఒకటో తరగతికి ఆరేళ్లు నిండాలంది. పిండి పిసకడం, చిక్కుడుకాయలు వలవడం, ముగ్గుపిండితో గీతలు గీయడం వాడికి ఇప్పుడు రాతకు సాధన. టీచర్‌ను రాత అడగవద్దని మర్యాదగా కోరండి. వినకపోతే ఈ ఏడాదికి మీ ఊరి అంగన్‌వాడీకి మార్చినా నష్టం లేదు. అక్కడ మూడు నుంచి ఆరేళ్ల పిల్లలకు ఆటలు, వండిన భోజనం, గుడ్డు ఉంటాయి. పాపకు ఆరు నెలలు నిండేదాకా ప్రభుత్వ ఆరోగ్యలక్ష్మి పథకం కింద మీకూ ఒక పూట భోజనం, గుడ్డు, పాలు ఇస్తారు. వాడి చేయి పట్టుకుని మీరూ వెళ్లి తిని రావచ్చు.

వాడు ఎన్నింటికి పడుకుంటున్నాడో మీరు రాయలేదు. షిఫ్టు దిగిన నాన్న కోసం పదకొండు దాకా మేలుకుంటే మర్నాడు చిన్నదానికీ ఏడుస్తాడు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పిన ప్రకారం ఈ వయసుకు పగటి నిద్రతో కలిపి 10 నుంచి 13 గంటల నిద్ర కావాలి. ఫోన్, టీవీ కలిపి గంట మించొద్దు. నాన్నతో వాడి ఆటను పొద్దుటి పూటకు మార్చండి.

అత్తమ్మతో గొడవకు దిగకండి. ఆ నాలుగు నెలలు వాడికి అన్నం పెట్టి పడుకోబెట్టింది ఆమే. "నువ్వు లేకుంటే వాడు ఏమైపోయేటోడు అత్తమ్మా" అని మొదలుపెట్టి, కొట్టడం, "పోలీసోళ్లకు పట్టిస్త", "సూది ఏపిస్త" అని బెదిరించడం మాత్రం మానుదామని అడగండి. మీరు వద్దన్నది ఆమె దొంగచాటుగా కొనివ్వకూడదన్నది కూడా అప్పుడే మాట్లాడుకోండి.

పిలిస్తే పలకకపోవడం, వచ్చిన మాటలు పోవడం, కోపంలో తలను గోడకు కొట్టుకుని గాయం చేసుకోవడం, ఐదేళ్లు దాటినా రోజూ ఇలాగే దొర్లడం ఉంటే డాక్టర్‌కు చూపించాలి. అంగన్‌వాడీలకు ఏడాదికి రెండుసార్లు పిల్లల ఆరోగ్యం పరీక్షించే ప్రభుత్వ ఆర్‌బీఎస్‌కే వైద్య బృందం వస్తుంది, వాళ్లకు చూపించినా సరే.

చివరగా మీ సంగతి. రాత్రి ఏడుస్తున్నానన్న మాట చదివి వదిలేయలేకపోయాను. కాన్పయ్యాక నెలల తర్వాత కూడా కొందరు తల్లులకు డిప్రెషన్ వస్తుంది, దానికి చికిత్స ఉంది. పాప పడుకున్నా మీకు నిద్ర పట్టడం లేదా? తిండి సహించడం లేదా? దేని మీదా మనసు పోవడం లేదా? చచ్చిపోవాలనిపిస్తోందా? వీటిలో ఏదైనా రెండు వారాలుగా ఉంటే ఆశా కార్యకర్తకో ఊరి నర్సు ఏఎన్‌ఎంకో చెప్పి డాక్టర్‌ను కలవండి. చచ్చిపోవాలన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా రెండు వారాలు ఆగకుండా ఆ రోజే ఇంట్లో చెప్పండి, 14416కు ఫోన్ చేయండి. అది ప్రభుత్వ టెలీ మానస్ నంబర్, డబ్బులు పడవు, రాత్రి పగలు ఎప్పుడైనా ఎత్తుతారు, తెలుగులోనే మాట్లాడొచ్చు.