విత్తనం నిద్రను ‘విచ్ఛిన్నం’ చేయవచ్చునా?

సందేహం: రాజేంద్రనగర్‌లో ఒక నర్సరీవారు ఇచ్చిన కరపత్రంలో ‘రేగు, సీతాఫలం విత్తనాల నిద్రాణస్థితిని విచ్ఛిన్నం చేయుటకు రసాయన శుద్ధి’ అని ఉంది. నిద్రాణస్థితి సరైనదా, నిద్రావస్థ సరైనదా? మిగిలిన మాటలు సరిగానే ఉన్నాయా?
– ఒక పాఠకురాలు, హైదరాబాదు

సమాధానం: బతికున్న విత్తనం కొంతకాలం మొలవకుండా ఉండిపోయే స్థితిని చెప్పడానికి ఈ రెండు రూపాలూ సాధువులే. ‘నిద్రాణ’ అన్నది నిద్రలో ఉన్న అని అర్థమిచ్చే సంస్కృత విశేషణం. నిద్ర, అవస్థ కలిస్తే సవర్ణదీర్ఘసంధితో నిద్రావస్థ అవుతుంది. పాఠ్యపుస్తకాలలో సుప్తావస్థ కూడా కనిపిస్తుంది. అయితే రైతుకు అలవాటైనది నిద్రావస్థే. కొత్తగా కోసిన కొన్ని రకాల వడ్లు వెంటనే మొలవనప్పుడు, లీటరు నీటికి 6.3 మిల్లీలీటర్ల గాఢ నత్రికామ్లం (నైట్రిక్ ఆసిడ్) కలిపి 24 గంటలు నానబెట్టి, ఆపైన మండె కట్టమని (మొలకెత్తడానికి గోనెసంచిలో మూటగా ఉంచమని) చెప్పే వ్యవసాయాధికారులు ఆ మాటనే వాడతారు. ‘అవస్థ’ అనగానే అవస్థ పడడం గుర్తొస్తుందని ఒక మిత్రుడు చమత్కరించాడు గానీ, బాల్యావస్థ అన్నప్పుడు లేని ఇబ్బంది ఇక్కడ మాత్రం దేనికి?

‘విచ్ఛిన్నం’ మాత్రం అతకదు. కూటమి విచ్ఛిన్నమవుతుంది, కుటుంబం విచ్ఛిన్నమవుతుంది. నిద్ర చెదురుతుంది, వదులుతుంది. నిద్రాభంగం అనవచ్చు కానీ అందులో విసుగు ధ్వనిస్తుంది. నిద్రావస్థను పోగొట్టడం, తొలగించడం అంటే చాలు.

అసలు చిక్కు ‘శుద్ధి’తోనే ఉంది. మన రైతుకు విత్తనశుద్ధి అంటే తెగుళ్లు సోకకుండా థైరమ్, కార్బెండజిమ్ వంటి మందును విత్తనానికి పట్టించడం. సీతాఫలం గింజలను జిబ్బరెల్లిక్ ఆమ్లం అనే మొక్కల హార్మోను కలిపిన నీటిలో నానబెట్టేది తెగులు కోసం కాదు, లోపలి పిండంలో ఎదుగుదలను కదిలించడానికి. రేగు సంగతి మళ్లీ వేరు: దాని గింజను గట్టి పెంకు కమ్ముకొని ఉంటుంది కనుక, గాఢ గంధకికామ్లంలో (సల్ఫ్యూరిక్ ఆసిడ్‌లో) కొద్ది నిమిషాలు మాత్రమే ఉంచి, వెంటనే నీళ్లు మార్చి మార్చి కడిగితే, పెంకు పలచబడి తేమ లోపలికి దిగుతుంది. నానబెట్టడాన్నీ, పెంకును పలచబరచడాన్నీ కలిపి ‘శుద్ధి’ అనేస్తే, చదివినవారు దుకాణానికి వెళ్లి తెగులు మందు కొనుక్కొస్తారు.

ఆ వాక్యాన్ని నేనైతే ‘రేగు, సీతాఫలం గింజల నిద్రావస్థను పోగొట్టడానికి వాడవలసిన రసాయనాలు’ అని రాస్తాను.