మానని పుండు మీద పరిశోధన చేయాలనుంది... డాక్టర్ కాకపోయినా కుదురుతుందా?

ప్రశ్న: బీఎస్సీ బయోటెక్నాలజీ చివరి సంవత్సరం చదువుతున్నాను. షుగర్ వల్ల మా అమ్మమ్మ పాదం మీద పడిన పుండు ఐదు నెలలైనా మానలేదు. మూలకణాలతో (కొత్త కణాలను పుట్టించే స్టెమ్ సెల్స్‌తో) ఇలాంటి పుండ్లు మాన్పవచ్చని విన్నప్పటి నుంచి ఆ రంగంలోకే వెళ్లాలనిపిస్తోంది. నేను మెడిసిన్ చదవలేదు. నాకు అవకాశం ఉంటుందా?
– ఒక విద్యార్థిని

జవాబు: తప్పకుండా ఉంటుంది. మనిషి చర్మకణాలను ల్యాబ్‌లో పొరలుగా పెంచే పద్ధతి 1975లో వచ్చింది. శాస్త్రవేత్త హోవర్డ్ గ్రీన్‌తో కలిసి దాన్ని రూపొందించిన జేమ్స్ రైన్‌వాల్డ్ అప్పటికి పరిశోధక విద్యార్థే. ఆ పద్ధతితోనే 1983లో 95 శాతానికి పైగా ఒళ్లు కాలిపోయిన ఇద్దరు అన్నదమ్ములను బతికించారు.

అయితే కోర్సు ఎంచుకునే ముందు, మీరు పట్టుకున్న ప్రశ్న ఎంత లోతైనదో చూడండి. మోకాలు గీరుకుపోతే ముందు రక్తం గడ్డకడుతుంది. తర్వాత తెల్ల రక్తకణాలు వచ్చి మురికినీ క్రిములనూ తొలగిస్తాయి. ఆపైన చర్మం అడుగు పొరలోనూ వెంట్రుక కుదుళ్లలోనూ ఉన్న మూలకణాలు కదిలి, పక్కు కింద నుంచి పాకుతూ గాయాన్ని కప్పేస్తాయి. కుదుళ్ల నుంచి వచ్చేవి త్వరగా చేరుకుంటాయి కానీ వాటిలో ఎక్కువ భాగం ఎంతోకాలం నిలవవు.

మీ అమ్మమ్మగారి పుండు లాంటివి మాత్రం ఆ రెండో దశలోనే ఇరుక్కుపోతాయి. వాపు తగ్గదు. క్రిములు జిగురు పొర కట్టుకుని కూర్చుంటాయి. అక్కడ పేరుకున్న ఎంజైములు కొత్తగా పుట్టే కణజాలాన్ని ఎప్పటికప్పుడు కొరికేస్తుంటాయి. రక్తప్రసరణ సరిగా ఉండదు, అక్కడి మూలకణాలే నీరసించిపోతాయి. అలాంటి చోట బయటి నుంచి మూలకణాలు తెచ్చి వేయడమంటే చవిటి నేలలో విత్తనం చల్లడమే. ఎముక మజ్జ నుంచో కొవ్వు నుంచో తీసి ఎక్కించిన కణాల్లో చాలావరకు ఎక్కువ రోజులు బతకవు. అయినా కొంత మేలు కనిపిస్తోంది. ఎందుకంటే అవి బతికున్నంతసేపు విడుదల చేసే పదార్థాలు కొత్త రక్తనాళాలు మొలిచేలా చేస్తాయి, వాపును తగ్గిస్తాయి. ఈ కణాలకు 1991లో ‘మీసెంకైమల్ స్టెమ్ సెల్స్’ అని పేరు పెట్టిన ఆర్నాల్డ్ కాప్లానే, ఆ పేరు మార్చాలని 2017లో రాశారు. అవి కొత్త కణజాలంగా మారడం కంటే సంకేతాలు పంపడమే ఎక్కువని ఆయన వాదన.

చర్మపు మూలకణాల సంగతి వేరు. పుట్టుకతోనే చర్మం ఊడిపోయే జబ్బున్న ఏడేళ్ల బాబుకు జన్యులోపం సరిచేసిన సొంత కణాలతో దాదాపు 80 శాతం పైచర్మాన్ని తిరిగి అమర్చినట్టు అదే 2017లో ప్రకటించారు. ఆ చర్మాన్ని నిలబెట్టింది అందులోని కొద్దిపాటి మూలకణాలే.

ఇక చదువు. మీ ప్రశ్న మానని పుండు గురించి కాబట్టి, సెల్ బయాలజీలో ఎంఎస్సీ చేస్తూ ఇమ్యునాలజీ (తెల్ల రక్తకణాల వంటి రోగనిరోధక వ్యవస్థ గురించిన శాస్త్రం) మీద గట్టిగా దృష్టి పెట్టమంటాను. చాలామంది మూలకణాల మోజులో దాన్ని పక్కన పెడతారు, అది పొరపాటు. పుండు మీద కణాలను నిలిపి ఉంచే జెల్ లాంటి పదార్థాల తయారీ నచ్చితే బయోమెడికల్ ఇంజినీరింగ్ వైపు వెళ్లొచ్చు. పీహెచ్‌డీ అంటే నాలుగైదేళ్లు ఓపిక పట్టాలి. సెలవు రోజైనా కణాలకు మీడియా (అవి పెరిగే పోషక ద్రవం) మార్చాల్సిందే. మూడు వారాలు పెంచిన ఫ్లాస్కులో ఒక్క ఉదయం ఫంగస్ కనిపిస్తే మళ్లీ మొదటికి రావాలి.

ఆ పని మీకు సరిపడుతుందో లేదో ఇప్పుడే చూసుకోవచ్చు. ఫైనల్ ఇయర్ ప్రాజెక్టుకు ‘స్క్రాచ్ అస్సే’ చేస్తానని మీ మేడమ్‌నో సార్‌నో అడగండి. డిష్ నిండా పెరిగిన కణాల మధ్య పిపెట్ టిప్‌తో ఒక గీత గీస్తారు. అప్పుడొక ఫొటో, 24 గంటల తర్వాత మరో ఫొటో తీస్తారు. రెండు అంచుల నుంచీ కణాలు మధ్యకు పాకి గీతను పూడ్చడం కళ్లారా చూస్తారు. అదే కణాలను గ్లూకోజ్ ఎక్కువున్న మీడియాలో పెంచి తేడా వస్తుందేమో పరీక్షించండి. పేపర్లు చదివేటప్పుడు మరో విషయం గమనించండి. ఎలుక చర్మం ముడుచుకుని గాయాన్ని మూసేస్తుంది, మనిషి గాయం ఎక్కువగా కొత్త కణజాలంతో పూడుతుంది. అందుకే జాగ్రత్తగా పనిచేసేవాళ్లు చర్మం ముడుచుకోకుండా ఎలుక గాయం చుట్టూ సిలికాన్ రింగు కుడతారు. రింగు లేకుండా వచ్చిన ఫలితాలను వెంటనే నమ్మేయకండి.

అమ్మమ్మగారి గురించి కూడా ఒక మాట. మూలకణాల ఇంజెక్షన్‌తో పుండు మానుతుందని డబ్బు కట్టమనే చోటికి ఆవిడను తీసుకెళ్లకండి. నమోదైన క్లినికల్ ట్రయల్, ఎథిక్స్ కమిటీ అనుమతి ఉంటేనే ఆలోచించండి, అదీ ఆవిడకు చికిత్స చేస్తున్న డాక్టర్‌ను అడిగాకే. ప్రస్తుతానికి ఆ పాదం మీద బరువు పడకుండా చూడటం, చచ్చిన కణజాలాన్ని డాక్టర్ చేత తీయించడం, షుగర్ అదుపులో ఉంచడం ముఖ్యం. కాలికి రక్తం సరిగా అందుతోందో లేదో పరీక్ష చేయించారా? ఐదు నెలలైందంటున్నారు కాబట్టి, చేయించకపోతే ఈ వారమే చేయించండి.