మా అమ్మాయి శరణార్థుల కోసం పనిచేస్తానంటోంది, ఒప్పుకోమంటారా?

ప్రశ్న: మాది ఖమ్మం జిల్లా. వ్యవసాయం చేసుకుంటాం. మా అమ్మాయి బీఏ రెండో సంవత్సరం చదువుతోంది. గ్రూప్స్‌కి తయారవమంటే, శరణార్థుల పాలసీ, అడ్వకసీ రంగంలోకి వెళ్తానంటోంది. అడ్వకసీ అంటే లాయరు పనా? మన దగ్గర ఇలాంటి ఉద్యోగాలు ఉంటాయా? ఆ జీతంతో బతకగలదా? హైదరాబాద్ బాలాపూర్‌లో, మయన్మార్ నుంచి వచ్చిన రోహింగ్యాల బస్తీకి ఒకసారి వెళ్లి చూస్తానంటే ఇంట్లో అందరూ భయపడుతున్నారు. ఏం చెప్పమంటారు? – ఒక తండ్రి

జవాబు: మీరు అమ్మాయిని కోప్పడకుండా ముందు అడిగి తెలుసుకుంటున్నారు. అందుకు సంతోషం. ఈ జవాబు ఆమెకు కూడా చదవడానికి ఇవ్వండి.

అడ్వకసీకీ అడ్వకేటుకీ చుట్టరికం ఉంది కానీ రెండూ ఒకటి కాదు. ఒక ఉదాహరణ చెప్తాను. హైదరాబాద్‌లో ఒక శరణార్థి తల్లికి బిడ్డ పుట్టింది, జనన ధ్రువపత్రం ఇవ్వలేదు అనుకోండి. కేస్‌వర్కర్, అంటే ఒక్కో కుటుంబం సమస్యను దగ్గరుండి చూసే సంస్థ ఉద్యోగి, ఆమెను వెంటబెట్టుకుని జననాల నమోదు ఆఫీసుకు వెళ్తారు. అవసరమైతే లాయరు పిటిషన్ వేస్తారు. అదే ఇబ్బంది ఇరవై మంది తల్లులకు వచ్చిందని తేలితే అక్కడ అడ్వకసీ మొదలవుతుంది. 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం ఈ దేశంలో జరిగే ప్రతి జననానికీ వర్తిస్తుందని, తల్లి ఏ దేశస్థురాలన్న దానితో పని లేదని చూపిస్తూ పైఅధికారికి నోట్ రాయాలి. సర్కులర్ వచ్చేదాకా తిరగాలి. వచ్చాక కింది ఆఫీసులో అది అమలవుతోందో లేదో మళ్లీ వెళ్లి చూడాలి. పాలసీ పనిలో ఎక్కువ భాగం ఇదే. జెనీవా సమావేశాల్లో మాట్లాడేవాళ్లు చాలా కొద్దిమంది. ఆఫీసు గుమ్మాల దగ్గర ఫైలు పట్టుకుని నిలబడేవాళ్లే ఎక్కువ.

మన దేశంలో ఈ పని ఎందుకు కష్టమో మీ అమ్మాయి ముందే తెలుసుకోవాలి. 1951 శరణార్థుల ఒప్పందం మీద గానీ, 1967 ప్రోటోకాల్ మీద గానీ భారత్ సంతకం చేయలేదు. శరణార్థుల కోసం మనకు ప్రత్యేక చట్టం కూడా లేదు. టిబెటన్లనూ శ్రీలంక తమిళులనూ ప్రభుత్వమే నేరుగా చూసుకుంటుంది. మయన్మార్, అఫ్గానిస్తాన్ వంటి చోట్ల నుంచి వచ్చినవాళ్ల దరఖాస్తులను ఢిల్లీలోని ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థ యూఎన్‌హెచ్‌సీఆర్ పరిశీలించి కార్డు ఇస్తుంది. ఆ కార్డు ఉన్నా పోలీసుల దృష్టిలో ఆ మనిషి విదేశీయుడే. 1946 విదేశీయుల చట్టం పోయి 2025లో కొత్త చట్టం వచ్చింది, అందులో కూడా శరణార్థి అనే వర్గానికి వేరే ఏర్పాటు లేదు.

మరి లాయర్లు దేన్ని ఆధారం చేసుకుని వాదిస్తున్నారు? రాజ్యాంగంలోని ఒక్క మాటను. 19వ అధికరణంలో హక్కులు ‘పౌరుల’కు ఇచ్చారు. 14, 21 అధికరణాల్లో మాత్రం ‘వ్యక్తి’ అని రాశారు. 1996లో అరుణాచల్ ప్రదేశ్‌లోని చక్మాలను (అప్పటి తూర్పు పాకిస్తాన్ నుంచి వచ్చిన శరణార్థులు) తరిమేస్తామని బెదిరింపులు వచ్చినప్పుడు, పౌరుడైనా కాకపోయినా ప్రతి వ్యక్తి ప్రాణాన్నీ కాపాడాల్సింది రాజ్యమేనని సుప్రీంకోర్టు చెప్పింది. దానికి ఆధారం 21వ అధికరణంలోని ఆ మాటే. అయితే ఆ మాటకూ హద్దు ఉంది. 2021 ఏప్రిల్‌లో జమ్మూలోని రోహింగ్యాల తరలింపును ఆపడానికి అదే కోర్టు ఒప్పుకోలేదు. దేశంలో నివసించే హక్కు పౌరులదేనని, కాకపోతే నిర్దేశించిన పద్ధతి పాటించకుండా ఎవరినీ పంపకూడదని చెప్పింది. ఈ రెండు తీర్పుల మధ్య ఉన్న ఇరుకు సందులోనే మీ అమ్మాయి పనిచేయాల్సి ఉంటుంది. ఈ వారమే ఆమెను రాజ్యాంగంలో ప్రాథమిక హక్కులున్న మూడో భాగం తెరిచి పెన్సిల్ పట్టుకుని కూర్చోమనండి. ఎక్కడ ‘పౌరుడు’ ఉందో, ఎక్కడ ‘వ్యక్తి’ ఉందో గీతలు గీయమనండి. అది విసుగనిపించకపోతే ఈ రంగం ఆమెకు నప్పుతుంది.

ఇక నేను అన్నిటికంటే ముఖ్యం అనుకునేది. ఈ పనికి జాలి ఒక్కటే చాలదు, ఓపిగ్గా వినడం రావాలి. శరణార్థి హోదా కోసం వచ్చినవాళ్లను గంటల తరబడి ఇంటర్వ్యూ చేస్తారు. 1951 ఒప్పందం ప్రకారం ఆ హోదాకు కారణాలు అయిదే: జాతి, మతం, జాతీయత, ఒక సామాజిక వర్గానికి చెంది ఉండటం, రాజకీయ అభిప్రాయం. వీటిలో ఏదో ఒకదాని వల్ల హింసకు గురవుతామన్న భయం ఉందని, ఆ భయానికి ఆధారం ఉందని తేలాలి. చేతిలో కాగితాలు ఉండవు కాబట్టి చెప్పే కథే సాక్ష్యం. అందులో తేదీలు తడబడితే అబద్ధం చెబుతున్నారేమోనన్న అనుమానం వస్తుంది. నా దగ్గర సలహా తీసుకుని ఈ పనిలో చేరిన ఒక అమ్మాయి ఒకసారి ఇలా చెప్పింది: ‘సార్, ఇల్లు ఎప్పుడు తగలబెట్టారని అడిగితే ఆమె నాట్లు అయిపోయాక అంటుంది. ఫారంలో నెల, తేదీ రాయమంటారు.’ మా అమ్మమ్మ కూడా అంతే. పిల్లల పుట్టిన తేదీలు అడిగితే, ‘పెద్దాడు ఉప్పెనకు ముందు, చిన్నది ఉప్పెన తర్వాత’ అనేది. 1977 దివిసీమ ఉప్పెన ఆవిడకు క్యాలెండర్. పొలం పనులతో పెరిగిన మీ అమ్మాయికి నాట్ల నుంచి నెలను రాబట్టడం ఎవరూ నేర్పక్కర్లేదు. ఆ తెలివికి ఈ పనిలో చాలా విలువ ఉంది.

భాషల సంగతి. హైదరాబాద్‌లో రోహింగ్యా పిల్లలు చాలామంది దక్కనీ మాట్లాడతారు. హిందీ గానీ ఉర్దూ గానీ బాగా వస్తే మొదటి రోజు నుంచే ఆమె అక్కరకొస్తుంది. ఇంగ్లిష్‌లో స్పష్టంగా, పొట్టి వాక్యాల్లో నోట్ రాయడం తప్పనిసరి, దానికి రోజూ సాధన కావాలి. తర్వాత తమిళం గానీ బర్మీస్ గానీ నేర్చుకుంటే మరీ మంచిది.

శరణార్థులంటే ఎక్కడి నుంచో వచ్చినవాళ్లని మనవాళ్లు అనుకుంటారు. మన పాత పత్రికలు కాందిశీకులు (అంటే శరణార్థులే) అని రాసింది ఎక్కువగా మనవాళ్ల గురించే. బర్మా నుంచి కట్టుబట్టలతో తిరిగొచ్చిన తెలుగువాళ్లు ఎందరో ఉన్నారు, విశాఖపట్నంలో బర్మా క్యాంపు పేరుతో ఒక పేటే ఉంది. ఇక మీ పక్కనే చూడండి. 2005లో బస్తర్‌లో మావోయిస్టులకు వ్యతిరేకంగా సల్వాజుడుం అనే సాయుధ ఉద్యమం మొదలయ్యాక ఛత్తీస్‌గఢ్ నుంచి పారిపోయి వచ్చిన గుత్తికోయ ఆదివాసీ కుటుంబాలు భద్రాచలం, ములుగు అడవుల్లో ఉంటున్నాయి. దేశం సరిహద్దు దాటలేదు కాబట్టి చట్టం లెక్కలో వాళ్లు శరణార్థులు కారు, సొంత దేశంలోనే నిర్వాసితులు. పోడు భూమి, కుల ధ్రువీకరణ, రేషను, పిల్లల బడి... ఇలా ప్రతి మలుపులోనూ వాళ్లకు కాగితాల చిక్కు ఉంది. మీ అమ్మాయి చదువుతూనే సెలవుల్లో అక్కడ పనిచేసే సంస్థతో నెల రోజులు తిరగవచ్చు. ఢిల్లీ వెళ్లనక్కర్లేదు.

చదువు విషయంలో నా మాట సూటిగా చెప్తాను: ముందు లా చేయించండి. డిగ్రీ కాగానే లా ప్రవేశ పరీక్ష లాసెట్ రాసి మూడేళ్ల ఎల్‌ఎల్‌బీలో చేరవచ్చు. శరణార్థుల ప్రాజెక్టు ఆగిపోయినా లాయరుగా ఆమె కాళ్ల మీద ఆమె నిలబడుతుంది. కోర్టుల మీద ఆసక్తి లేదంటే ఎంఎస్‌డబ్ల్యూ (సోషల్ వర్క్‌లో పీజీ) మంచి దారి. ఉస్మానియాలో ఉంది, ముంబైలోని టాటా సామాజిక శాస్త్రాల సంస్థ టిస్‌కు సీయూఈటీ పీజీ అనే జాతీయ ప్రవేశ పరీక్ష ద్వారా వెళ్లవచ్చు. నేరుగా శరణార్థుల అధ్యయనంలో ఎంఏ చేయడానికి తొందరపడొద్దు. ఆక్స్‌ఫర్డ్‌లో 1982లో ఈ రంగం కోసమే ఒక కేంద్రం పెట్టిన బార్బరా హారెల్‌బాండ్ మానవశాస్త్రవేత్త. అక్కడితో ఆగకుండా తర్వాత కైరోలో శరణార్థులకు న్యాయ సహాయం అందే ఏర్పాట్లు చేశారు. ఆ దారిని గౌరవిస్తాను కానీ, రెండు మూడేళ్లు నేల మీద పనిచేశాక ఆ కోర్సులకు వెళ్తేనే అవి ఒంటబడతాయి. బ్రిటన్ ప్రభుత్వం ఇచ్చే చెవెనింగ్ స్కాలర్‌షిప్ వాళ్లు కూడా సుమారు రెండేళ్ల ఉద్యోగానుభవం అడుగుతారు. అది వస్తే బ్రిటన్‌లో మాస్టర్స్ చేయవచ్చు. తర్వాత రెండేళ్లు స్వదేశంలో ఉండాలన్న షరతు ఉంది.

లా చదువుతూ జిల్లా న్యాయసేవల సంస్థలో పారా లీగల్ వాలంటీరుగా, అంటే ప్రజలకు న్యాయ సహాయం అందేలా చూసే కార్యకర్తగా, చేరమనండి. 1987 న్యాయసేవల చట్టం కింద ఉచిత సహాయం మహిళలకు, పిల్లలకు, నిర్బంధంలో ఉన్నవాళ్లకు దొరుకుతుంది. ఆ సెక్షన్‌లో కూడా ఉన్నది ‘వ్యక్తి’ అనే మాటే.

ఎక్కడ పనిచేయవచ్చంటే, హైదరాబాద్‌లో కోవా పీస్ నెట్‌వర్క్ ఏళ్ల తరబడి రోహింగ్యా కుటుంబాలతో పనిచేసింది. ఢిల్లీలో మైగ్రేషన్ అండ్ అసైలం ప్రాజెక్ట్ న్యాయ సహాయం చేస్తుంది. చెన్నైలో 1984లో మొదలైన ఓఫర్ (OfERR) గురించి మీ అమ్మాయి తప్పకుండా చదవాలి. ఎస్.సి. చంద్రహాసన్ నాయకత్వంలో శ్రీలంక తమిళ శరణార్థులే తమ కోసం నిలబెట్టుకున్న సంస్థ అది. మనం వెళ్లి వాళ్లను ఉద్ధరిస్తాం అనే ఆలోచన ఉంటే ఆ చరిత్ర చదివాక పోతుంది. మీరు గ్రూప్స్ అన్నారు కదా, ఆ మాటను కూడా నేను కొట్టిపారేయను. తమిళనాడులో ఆ శిబిరాలను నడిపేది ప్రభుత్వ పునరావాస కమిషనరేట్. మనసున్న రెవెన్యూ అధికారి ఒక్క సంతకంతో చేసే మేలుకు మా అడ్వకసీ వాళ్లకు ఏళ్లు పడుతుంది.

జీతం సంగతి దాచను. మొదట్లో తక్కువే. ఉద్యోగాలు ఎక్కువగా ఏడాది కాంట్రాక్టులు, ప్రాజెక్టు అయిపోతే మళ్లీ వెతుక్కోవాలి. 2024 చివరికి ప్రపంచంలో బలవంతంగా ఇళ్లు వదిలినవాళ్లు 12.32 కోట్ల మంది. అయినా 2025లో నిధులు తగ్గి యూఎన్‌హెచ్‌సీఆర్ సుమారు 3,500 పోస్టులు తీసేసింది. పని పెరుగుతుంటే ఉద్యోగాలు తగ్గుతున్నాయి, ఇది నన్ను చాలా బాధపెట్టే విషయం. అందుకే ఐక్యరాజ్యసమితి ఉద్యోగాన్నే గురిగా పెట్టుకోవద్దంటాను. ఏ సంస్థలో చేరే ముందైనా నిధులు ఎవరివి, ప్రాజెక్టు ఎన్నాళ్లు, విదేశీ విరాళాల అనుమతి ఉందా అని మొహమాటం లేకుండా అడగమనండి. ఇంటి అప్పు ఆమె జీతం మీదే తీరాల్సిన పరిస్థితి ఉంటే నాకు మళ్లీ రాయండి, అప్పుడు నా సలహా వేరేలా ఉంటుంది.

ఇంకొకటి. రోజూ ఇళ్లు తగలబడిన కథలు వింటే నిద్ర పట్టదు. గెలిచే కేసులు తక్కువ, బయటివాళ్ల తిట్లు ఎక్కువ. ఆమె ఇంటికి ఫోన్ చేసి ఏడిస్తే ‘అందుకే వద్దన్నాం’ అనకండి.

బాలాపూర్ విషయం. ఒంటరిగా, చెప్పాపెట్టకుండా వెళ్లొద్దు. అక్కడ పనిచేసే సంస్థకు ముందు ఫోన్ చేసి, వాళ్ల మనిషితోనే వెళ్లాలి. ఫొటోలు తీయకూడదు, పేర్లు ఎక్కడా పెట్టకూడదు. ఒక ఫొటో వల్ల మయన్మార్‌లో మిగిలిన బంధువులకు ఆపద రావచ్చు. మొదటిసారి ఆమెతో మీరు కూడా వెళ్లండి. వాళ్లు వచ్చిన రఖైన్ వరి పండే నేల. మీరు రైతునని రాశారు. నారు ఎప్పుడు పోస్తారని మీరు అడగండి, అమ్మాయి హిందీలో చెబుతుంది.